తల్లీ తండ్రీ లేని చోట చూసేదెవరు?



వినయ పిటకంలోని మహావగ్గంలో ఒక రోగి భిక్షువు కథ ఉంది. బుద్ధుడు ఆనందుణ్ణి వెంటబెట్టుకుని భిక్షువుల గదులు చూసుకుంటూ పోతున్నాడు. ఒక గదిలో ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. పక్కన ఎవరూ లేరు. ఎందుకు లేరని అడిగితే, తాను ఎవరికీ ఏ పనీ చేసిపెట్టలేదని, అందుకే ఎవరూ రారని చెప్పాడు. ఆనందుడు నీళ్లు తెచ్చాడు. బుద్ధుడు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ల వైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని కూర్చోబెట్టి బుద్ధుడు అడిగిందేమిటంటే, మీకు ఇక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే మిమ్మల్ని చూసేదెవరు అని. తనకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి చేయమన్నాడు.

ఈ కథని మనం ఆసుపత్రిలో పండ్లు పంచే రోజున చెప్పుకుంటాం. మంచిదే. కానీ ఇల్లు వదిలి వచ్చినవాళ్లకి ఇల్లు ఎవరు అన్న ప్రశ్న అందులో ఉంది. దాన్ని మనం దాటేసి పోతున్నాం.

ఇప్పుడు మన మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ హాస్టళ్ల వైపు చూడండి. ఊళ్ల నుంచి, మన వాడల నుంచి కూడా వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో ముగ్గురు, నలుగురు ఉంటారు. వాళ్లలో గే పిల్లలున్నారు, లెస్బియన్ పిల్లలున్నారు, ట్రాన్స్ పిల్లలున్నారు. సంగతి ఇంట్లో తెలిసిన రోజున కొందరికి డబ్బు ఆగిపోతుంది, కొందరికి పెళ్లి సంబంధం తయారవుతుంది, కొందరికి గుమ్మమే మూసుకుపోతుంది. తల్లీ తండ్రీ బతికే ఉంటారు, వీళ్లకి మాత్రం లేనట్టే. ఇంకోపక్క, డేటింగ్ యాప్‌లో తీయగా మాట్లాడి గదికి పిలిచి, ఫోన్ లాక్కుని, మీ నాన్నకి చెప్తాం, మీ ఆఫీసులో చెప్తాం అని డబ్బు గుంజేవాళ్లున్నారు. స్టేషన్‌కి పోతే ఇంట్లో తెలుస్తుందన్న భయంతో ఆ పిల్లాడు నోరు మూసుకుని కడతాడు. రెండోసారి కూడా కడతాడు.

మనకేంటి సంబంధం అంటారా? బరోడా గుర్తు చేసుకోండి. 1917లో బాబాసాహెబ్ అంత చదువు చదివి కొలువు కోసం ఆ ఊరికి పోతే, గది ఇచ్చే దిక్కు లేక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగాల్సి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకుని మనుషులు వచ్చి గది ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. చివరికి ఆయన ఒక తోటలో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్లిపోయారు. పేరు దాచుకుంటేనే గది దొరకడం, బయటపడితే కర్రలు రావడం, స్నేహితులు మొహం చాటేయడం, ఈ మూడూ ఈ రోజు ఒక ట్రాన్స్ అమ్మాయి కొండాపూర్‌లో అద్దెకి తిరిగితే తెలుస్తాయి. ఆ ఇద్దరు స్నేహితులు చెడ్డవాళ్లేం కాదు. ఇంట్లోవాళ్లు ఏమంటారో అని భయపడ్డారు, అంతే. మన విహారాలు కూడా ఆ ఇద్దరిలాగే ఉంటున్నాయని నా అనుమానం.

ఇంకొక సంబంధం కూడా ఉంది, మనవాళ్లకి అంతగా తెలియదు. 1871లో తెల్లదొరలు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మనకి తెలుసు, పుట్టుకతోనే జాతులకి జాతుల్ని నేరస్థులన్న చట్టం అది. దాని రెండో భాగం హిజ్రాల మీద. వాళ్ల పేర్లు కూడా రిజిస్టరుకి ఎక్కించమంది. మన హైదరాబాద్ రాజ్యంలో 1919లో అలాంటిదే ఇంకొకటి వచ్చింది, ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చని. నిజాం పోయినా ఆ చట్టం పోలేదు. వైజయంతి వసంత మొగ్లి హైకోర్టుకి ఎక్కితే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకి ఆసరా పింఛను ఇవ్వాలని కూడా చెప్పింది. మనల్నీ వాళ్లనీ ఒకే చట్టంలో రాసినవాడికి సంబంధం తెలుసు, మనకే తెలియలేదు.

వాళ్లు మన కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదన్నది కూడా చెప్పుకోవాలి. 2020 మార్చిలో అమీర్‌పేట మెట్రో దగ్గర, హిజ్రాలతో మాట్లాడితే కరోనా వస్తుంది, కొట్టి తరమండి అని పోస్టర్లు అంటించారు. లాక్‌డౌన్‌లో బిచ్చం ఆగింది, పని ఆగింది. అప్పుడు బియ్యం, పప్పు పోగుచేసి ఇంటింటికీ మోసినవాళ్లలో ఆ సముదాయం మనుషులే ముందున్నారు. 2021 జనవరిలో నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ తెరుచుకుంది. డాక్టరు నుంచి కౌన్సెలరు దాకా ట్రాన్స్ మనుషులే నడిపారు. 2025లో అమెరికా సాయం ఆపేయగానే మూతపడింది, కొన్నాళ్లకి సబ్‌రంగ్ పేరుతో, టాటా ట్రస్టుల సాయంతో మళ్లీ మొదలైంది. ఎక్కడో దూరాన ఒకడు సంతకం పెడితే ఇక్కడ మందుల చీటీ ఆగిపోయింది చూడండి. పక్కింటి చందా మీద నడిచేదాన్ని ఎవరూ అలా ఆపలేరు. 2021 మార్చిలో సైబరాబాద్ పోలీసులు గచ్చిబౌలి స్టేషన్‌లో ట్రాన్స్‌జెండర్ డెస్క్ పెట్టారు, అందులో కోఆర్డినేటరుగా ట్రాన్స్ మనిషినే కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో తన మనిషి ఉంటేనే బాధితురాలు నోరు విప్పుతుంది.

కొందరు ఉపాసకులు వినయం తెలిసినట్టు ఒక మాట అంటారు: పండకులకి ప్రవ్రజ్య లేదని బుద్ధుడే అన్నాడు కదా అని. ఆ నియమం ఉంది, దాచేదేం లేదు. అది సంఘంలో దీక్ష గురించి. త్రిశరణం తీసుకోవడానికి, అన్నం పెట్టడానికి, తలుపు తీయడానికి దానితో పని లేదు. అదే వినయంలో, పారాజిక ప్రకరణంలో, ఒక భిక్షువుకి స్త్రీ లక్షణాలు వచ్చిన సంగతి కూడా ఉంది. బుద్ధుడు వెళ్లగొట్టమనలేదు. అదే ఉపసంపద, అవే వర్షావాసాలు లెక్కలో ఉంచి భిక్షుణుల దగ్గరికి పంపమన్నాడు. మొదటిది చదివినవాళ్లు రెండోది కూడా చదవాలి. పైగా మనం దీక్షలో తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమని ఒప్పుకున్నాం. కింద మినహాయింపులు రాసుకోలేదు.

సిగాలోవాద సుత్తంలో మంచి మిత్రుడి గురించి చెబుతూ, భయంలో శరణు ఇచ్చేవాడు, ఆపదలో వదలనివాడు అంటాడు బుద్ధుడు. దీన్ని మన విహారంలో చేసి చూద్దాం. రాత్రి పదకొండుకి హాస్టల్ నుంచి గెంటేసిన పిల్లకి ఒక గది కావాలి. ఎవరు, ఏమిటి, ఎందుకు అని అడగని గది. బ్లాక్‌మెయిల్ చేస్తున్నవాడి మీద ఫిర్యాదు ఇవ్వడానికి పక్కన ఒక మనిషి కావాలి. మనలో లాయర్లున్నారు, రిటైరైన హెడ్ కానిస్టేబుళ్లున్నారు, ఐటీ కంపెనీల్లో హెచ్‌ఆర్‌లో పనిచేసే చెల్లెళ్లున్నారు. వాళ్ల నంబర్లు ఒక కాగితం మీద ఉంటే చాలు. ఒక్క కట్టుబాటు మాత్రం గట్టిగా ఉండాలి: వచ్చినవాళ్ల సంగతి ఇంట్లోవాళ్లకి గానీ, ఊళ్లో గానీ, వాట్సాప్‌లో గానీ మన నోటి నుంచి పోకూడదు. మేలు చేస్తున్నామనుకుని తల్లికి ఫోన్ చేసే పెద్దమనిషి ఆ పిల్లని మళ్లీ కర్రల ముందుకు తోస్తున్నాడు.

ఇంకొకటి. సాయం ఎలా చేయాలో మనం మన బుర్రతో తేల్చకూడదు. ఈ పని ఏళ్లుగా చేస్తున్న ట్రాన్స్ అక్కల్ని పిలిచి, వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, మనం చాప మీద కూర్చుని వినాలి. మన గురించి మనమే మాట్లాడాలని వందేళ్లుగా అడుగుతున్న మనకి ఈ ముక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

వచ్చే పౌర్ణమికి విహార కమిటీ కూర్చున్నప్పుడు పైగదిలోని పాత బ్యానర్లు, కుర్చీలు తీయించండి. ఒక మంచం, రెండు దుప్పట్లు, లోపల్నుంచి వేసుకునే గడియ పెట్టించండి. తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి, అందులో ఒకరు ఉపాసిక అయి ఉండాలి. రాత్రి ఫోన్ ఎత్తేదెవరో ఆ రోజే తేల్చుకోండి.

జై భీమ్!