వాణిజ్య సౌధమునకు సూనాదోషము

గృహస్థు డెంతటి సాధువైనను వాని యింట ఐదు వధస్థానములు కలవని మనుస్మృతి చెప్పుచున్నది: పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. వీనికే పంచసూనలని పేరు. కత్తి చేతబట్టనివాడును, చీమను తెలిసి త్రొక్కనివాడును, పొయ్యి రాజవేసి అన్నము వండుకొనుటచేతనే, ఇల్లు ఊడ్చుకొనుటచేతనే, దినమునకు ఎన్ని ప్రాణులకో మృత్యువగుచున్నాడని ఈ భావనలోని మర్మము. అయితే దీనికి విధించిన నిష్కృతి నన్ను చిరకాలముగా ఆలోచింపజేయుచున్నది. పొయ్యి ఆర్పుమని గాని, రోలు పారవైచి అడవికి పొమ్మని గాని గృహస్థునితో అనలేదు. ఋషులకు, పితరులకు, దేవతలకు, అతిథులకు, కాకి మొదలు చీమ వరకు గల భూతములకు ఎవరి పాలు వారికి నిత్యము ముట్టజెప్పుమనిరి. హింస బొత్తిగా లేని బ్రతుకు సంసారికి సాధ్యము కాదని యెరిగినవారు గనుకనే, దానిని దాచక ఋణముగా ఒప్పుకొని, ఏనాటి బాకీ ఆనాడు తీర్చుకొనుమనిరి.

ఇల్లు కట్టుకొన్న మనిషికి ఆకలి కలదు, పేరు కలదు, పరలోకభయము కలదు. లక్షల చదరపుటడుగుల కార్యాలయ సౌధమునకు ఇవి యెక్కడివి? దాని పొయ్యి దానియం దుండదు. పల్నాటనో నల్లగొండ సీమలోనో సిమెంటు కొలిమియై, సున్నపురాతిని సుమారు 1450 డిగ్రీల వేడిమిలో కాల్చుచుండును. అట్లు కాల్చునపుడు ఇంధనపు పొగయే గాక, రాయి తనలో బంధించుకొన్న బొగ్గుపులుసు వాయువు సైతము వెలువడును గాన, ఇంధనమును మార్చినంత మాత్రమున ఆ దోషము తీరదు. దాని సన్నెకల్లు ఊరిబయటి కంకర క్రషరు. హైదరాబాదు చుట్టునుగల నల్లరాతి గుట్టల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. వానిని చదును చేయుటకు కొన్ని ఉదయములు చాలును. ప్రతిమకై చెట్టు నరుకబోవువాడు ముందటి రాత్రి దానిని పూజించి, అందు వసించు భూతములను వేరొక నెలవు వెదకుకొనుమని వేడుకొనవలెనని వరాహమిహిరుడు బృహత్సంహితలో విధించెను. గుట్ట నట్లు వేడుకొన్నవారిని నేను చూడలేదు. భూమిపూజ మాత్రము తప్పక చేయుదురు. కొబ్బరికాయ కొట్టిన మరునాడు మందుగుండు పెట్టుదురు.

అద్దపు గోడల కథ మరింత విచిత్రము. చలిదేశములలో ఎండను లోనికి రప్పించుకొనుటకు పనికివచ్చు అద్దమును, ఎండను బయట నిలుపవలసిన దక్కనులో నిలువెల్ల తొడిగి, లోన చేరిన వేడిని తోడుటకు యంత్రములు పెట్టుదుము. శీతల యంత్రము వేడిని నాశనము చేయదు, చోటు మార్చును. లోపలినుండి లాగిన వేడికి, తాను మ్రింగిన విద్యుత్తు వేడిని గూడ చేర్చి వీథిలోనికి త్రోయును. చేసిన కర్మ ఫలింపకపోవుటయు, చేయని కర్మకు ఫల మనుభవించుటయు—కృతనాశము, అకృతాభ్యాగమము—ఎంతమాత్రము అంగీకరింపరాని దోషములని మన దార్శనికులు పరలోక విషయమున గట్టిగా వాదించిరి. ఆ రెండు దోషములును ఇహలోకముననే, ఆ సౌధము వెనుకవైపున, ప్రత్యక్షముగా కానవచ్చును.

ఇట్లు గాక కట్టవచ్చునా? హైటెక్ సిటీకి సమీపమున సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రము కలదు. 2004 జూలై 14న నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాము దానిని ప్రారంభించెను. హరిత కట్టడములకిచ్చు లీడ్ గుర్తింపులో ప్లాటినం శ్రేణిని అమెరికాకు వెలుపల అందుకొన్న తొలి కట్టడ మదియే. శిల్పి కరణ్ గ్రోవరు క్రొత్త వింత లేవియు చేయలేదనియే నా యభిప్రాయము. మన మండువా లోగిళ్లవలె నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి, పాత కోటలలోని జాలీగోడలు, వెలుపలిగాలిని పట్టి, తడిపి చల్లార్చి, యంత్రమున కందించి దాని భారమును తగ్గించు గాలిగోపురములు, కప్పుపై పచ్చిక, తాప విద్యుత్కేంద్రముల బూడిదతో చేసిన ఇటుకలు. అందు నాకెక్కువ నచ్చినది మురుగునీటి మార్గము: ఆ నీరు మొక్కల వేళ్ల నడుమ మెల్లగా పారి, తేరి, తోటకే చేరును. నీళ్లకుండకు సంబంధించిన బాకీ అక్కడికక్కడ తీర్చుట యనగా ఇదియే కదా! సాధారణ కట్టడముతో పోల్చిన సగమునకు పైగా విద్యుత్తు మిగులునని నిర్వాహకుల లెక్క.

ఈ మిగులు మాట రాగానే వేదాంతి పెదవి విరుచును: విద్యుత్తు బిల్లు తగ్గుటకై చేసిన మేలు మేలగునా, ఫలాపేక్షతో చేసినది పుణ్యమగునా యని. నేనీ యాక్షేపణను సగమే ఒప్పుదును. పిండము తినిన కాకి కర్తయొక్క చిత్తశుద్ధిని విచారింపదు. మిగిలిన బొగ్గు ఎవని లోభమువలన మిగిలినను భూమిలో మిగిలినట్లే. గృహస్థ ధర్మమెన్నడును అర్థమును వెలివేయలేదు. నా సందేహము వేరు. మీమాంసకులు కర్మలను నిత్యములని, కామ్యములని విభజించిరి. కామ్యకర్మకు ఫలము చేతికందినతోడనే పని తీరును. నిత్యకర్మకు ఆశింపదగిన ఫలము లేకున్నను, మానినచో ప్రత్యవాయము తప్పదు. మన హరిత సౌధములన్నియు నేడు కామ్యములుగానే ఊరేగుచున్నవి: ఇంత మిగులును, అద్దె ఇంత పెరుగును, గోడకు ఫలకము వచ్చును. రేపు విద్యుత్తు చౌకయైన నాడేమగును? యంత్రముల సామర్థ్యము పెరిగినకొలది బొగ్గు వాడకము తగ్గదు, పెరుగునని 1865లోనే జెవన్సు అను ఆంగ్ల అర్థశాస్త్రజ్ఞుడు వ్రాసెను. కొడుకు యౌవనము అరువు తెచ్చుకొన్నను కోరిక తీరని యయాతి కథ తెలిసినవారికి అది క్రొత్త సంగతి కాదు. ఒక సౌధమున మిగిలినది రెండవ సౌధమునకు పునాది యగుచున్నప్పుడు, ఎంత మిగిలెనను ప్రశ్నకన్న, పంచసూనలను చెప్పినవారు అడిగిన ప్రశ్నయే—ఎవరి పాలు వారికి ముట్టెనా యనునదే—నాకు సూటిగా తోచుచున్నది.

అట్టి యొక అద్దపుమేడ వెనుక, యంత్రములు వేడిగాలి క్రక్కు గోడ ప్రక్కన, వేపచెట్టు క్రింద ఒకడు చాయ్ అమ్మును. వైశాఖపు మధ్యాహ్నము అక్కడ నిలువలేక, ఈ గాలి యెప్పుడు ఆగునని వాని నడిగితిని. "ఆదివారం బంద్ ఉంటది సార్," అని, గ్లాసు కడుగుచు, "ఆ రోజు గిరాకీ కూడా ఉండదు" అనెను.