ముసలితనమున ఏ ఊరు?

ధ్యాన భాగములు: 2 సమూయేలు 19:31–39, ఆదికాండము 46:1–7



మన సంఘములో పుట్టి పెరిగిన ఒక సహోదరి క్రిస్మసు పండుగకు ఇంగ్లండునుండి వచ్చి, పండుగ వెళ్లిన మూడవ దినమున పాదిరి బంగళా వరండాలో కూర్చుండి నన్నొక ప్రశ్న అడిగెను. ఆమె మిషను ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకొని, కొంతకాలము కువైటులోను, 2001 మొదలుకొని ఇంగ్లండులోను పని చేసి, ఇప్పుడు పనినుండి విరమించినది. వయస్సు 67. భర్త ఆరు సంవత్సరముల క్రిందట అక్కడనే ప్రభువునందు నిద్రించెను. కుమార్తె, అల్లుడు, ఇద్దరు మనుమలు బర్మింగ్‌హామ్ పట్టణములో ఉన్నారు. ఆ పట్టణములో డిసెంబరు మాసమున ఉదయము ఎనిమిది దాటినగాని ప్రొద్దు పొడవదు, సాయంత్రము నాలుగు కాకమునుపే ప్రొద్దు గ్రుంకును. ఆ చలికి ఆమె మోకాళ్లు పట్టుకొనిపోవుచున్నవి. ఇక్కడికి వచ్చిన వారము దినములకే మెట్లు ఎక్కగలిగినదట.

"అయ్యగారూ, ఇక్కడే ఉండిపొమ్మంటారా, అక్కడికే పొమ్మంటారా? ప్రార్థన చేసి చెప్పండి" అనెను.

నేను ప్రార్థన చేయకమునుపే చెప్పితిని. అది నా తప్పిదము. "అమ్మా, ఇందులో ఆలోచన ఏమున్నది? 80 ఏండ్ల బర్జిల్లయి రాజు పిలిచినను యెరూషలేముకు పోలేదు. తన తలిదండ్రుల సమాధియున్న ఊరిలోనే కన్ను మూయగోరెను. మీరును వచ్చేయండి" అంటిని.

ఆమె కొంచెముసేపు మాటలాడలేదు. తరువాత, "మా అమ్మ, నాన్న ఇక్కడ మన తోటలో ఉన్నారు. మా ఆయన అక్కడ ఉన్నారు. ఆయన పక్కనే నాకూ చోటు తీసి ఉంచాము. బర్జిల్లయికి ఒక్కటే ఊరు గదా అయ్యగారూ" అనెను.

సెమినరీలో నేర్చుకొని నిత్యము వాడుకొనుచున్న నా మూడు తలంపుల ప్రసంగము ఆ వరండాలోనే ఆగిపోయెను. ఆ రాత్రి లాంతరు దగ్గరకు లాగుకొని (కరెంటు లేదు) ఆ అధ్యాయమును మరల తెరచితిని.

ఎన్నిమారులు బోధించినను నేను సరిగా చూడని సంగతులు అందులో ఉన్నవి. దావీదు కుమారునికి భయపడి పారిపోయి యొర్దాను ఆవల మహనయీములో దిగినప్పుడు, ఈ బర్జిల్లయి మరి ఇద్దరితో కూడ పరుపులు, కుండలు, గోధుమలు, యవలు, చిక్కుళ్లు, తేనె, వెన్న మోయించుకొని వచ్చెను. అనగా అతడు గిలాదులో ఊరకయున్న ముసలివాడు కాడు. ఆకలిగొన్న జనులు తనయొద్దకు వచ్చునట్టి మనుష్యుడు. రాజు తిరిగి సింహాసనమునకు పోవుచు, నాతో రమ్ము, నిన్ను పోషించెదనని పిలిచినప్పుడు, అతడు మా ఊరు గొప్పదని చెప్పలేదు. నాకు తినుబండారము రుచి తెలియదు, పాటలు వినబడవు, నేను వచ్చి రాజుకు భారమగుట ఎందుకని అడిగెను. తన శరీరముయొక్క నిజస్థితిని దాచకుండ లెక్క చెప్పెను. యెరూషలేము భోజనపు బల్ల 80 ఏండ్ల నాలుకకు ఏమి ప్రయోజనము? తాను పోలేదుగాని కింహామును రాజుతో పంపెను. యౌవనస్థుని ముసలివాని మంచమునకు కట్టివేయలేదు. తరువాత అనేక తరములకు, యిర్మీయా కాలమున, బేత్లెహేము దగ్గర ఒక మజిలీ కింహాము పేరుతో పిలువబడుచుండెను.

దీనికి ఎదురుగా యాకోబును నిలువబెట్టుడి. ఫరో ఎదుట నిలిచిన నాటికి అతనికి 130 సంవత్సరములు. కనానులో కరవు. కుమారుడు ఐగుప్తులో ఉన్నాడు. ముసలివాడు భయపడెను. అందుచేతనే బెయేర్షెబాలో ఆగి బలులర్పించెను. రాత్రివేళ దేవుడు అతనితో మాటలాడి, ఐగుప్తుకు పోవుటకు వెరవవద్దనియు తాను కూడ వచ్చెదననియు చెప్పెను. అతడు పోయి గోషెనులో 17 సంవత్సరములు బ్రదికెను. పరదేశమున మనుమల తలలమీద చేతులుంచి దీవించెను. శరీరము మాత్రము మక్పేలా గుహకు తిరిగి వచ్చెను.

ఒక ముసలివాడు ఉండిపోయెను, ఒక ముసలివాడు వెళ్లిపోయెను. వాక్యము ఇద్దరిలో ఎవనిని తప్పుపట్టలేదు. అటువంటప్పుడు నేనెవరిని, వరండాలో కూర్చుండి ఒక వాక్యభాగముతో ఆ విధవరాలి ప్రశ్నను మూసివేయుటకు?

మన తెలుగు సంఘముల చరిత్రలోనే మరియొక ముసలాయన ఉన్నాడు. ఫాదర్ హయ్యరుగారు 1793లో జర్మనీలో పుట్టి, బాల్యములో అమెరికాకు పోయి, 1842లో గుంటూరు వచ్చి పని ప్రారంభించి, 1857లో తిరిగి అమెరికా చేరెను. అక్కడితో ఆయన చాలించుకొని విశ్రాంతి తీసికొన్నను ఎవరును ఆక్షేపించియుండరు. కాని 1869లో రాజమండ్రి పనిని వేరొక మిషనుకు అప్పగించబోవుచున్నారని తెలిసినప్పుడు, నేను పోయెదనని నిలిచి, ఆ డిసెంబరులో 76 ఏండ్ల వయస్సున రాజమండ్రి చేరెను. ఆయన వెచ్చదనము కొరకు మన దేశమునకు రాలేదు. మన ఎండ ఆయనకు ముందే తెలియును. పని కుదురుకొన్నతరువాత 1871లో మరల అమెరికా వెళ్లి, 1873లో అక్కడనే నిద్రించెను. గుంటూరులో వైద్యము చేసిన డాక్టరు అన్నా కూగ్లరుగారు మాత్రము అమెరికా స్త్రీయైయుండియు 1930లో గుంటూరులోనే కన్ను మూసెను. ఒకరు వెళ్లిరి, ఒకరు ఉండిరి. మనము ఇద్దరి పేర్లను కృతజ్ఞతతోనే చెప్పుకొనుచున్నాము.

మరుసటి వారము ఆ సహోదరితో మరల మాటలాడితిని. ఈసారి నేను తక్కువ మాటలాడి ఎక్కువ వింటిని. ఆమె చెప్పిన లౌకిక సంగతులు కొన్ని మీకును తెలియవలెను. మన కుటుంబములలో పిల్లలు విదేశములలో లేని ఇల్లు ఇప్పుడు తక్కువ గనుక ఇవి ఎప్పుడైనను మన గుమ్మములోనికి వచ్చును.

ఇంగ్లండులో ప్రభుత్వపు పింఛను పొందుటకు కనీసము 10 సంవత్సరములు చందా కట్టియుండవలెను. ఇప్పటి పద్ధతినిబట్టి పూర్తి మొత్తమునకు సామాన్యముగా 35 సంవత్సరములు కావలెను. ఆమెకు అన్ని లేవు గనుక కొంత భాగమే వచ్చును. ప్రతి ఏప్రిలు మాసమున అక్కడ ఆ పింఛను పెరుగును. పింఛనుదారుడు స్పెయిను దేశములో కాపురమున్నను పెరుగును. ఇండియాలో స్థిరపడిన యెడల పెరుగదు. వచ్చిననాడు ఎంతయో ఇరువది యేండ్లకును అంతయే. కెనడాలో, ఆస్ట్రేలియాలో ఉన్నవారికిని ఇదే గతి. ఒకే ఆసుపత్రిలో ఒకే చందా కట్టిన ఇద్దరు నర్సులకు, కాపురమున్న దేశమునుబట్టి వేరువేరు పింఛను! ఇది న్యాయమని నాకు తోచలేదు. అయితే న్యాయము కాదని విసుగుకొనుటవలన బియ్యము ధర తగ్గదు గదా. మరల ఇంగ్లండులో స్థిరపడిన యెడల తప్పిన పెరుగుదల కలిపి అప్పటి రేటు ఇత్తురట. అక్కడ కాపురముండు వారికి ప్రభుత్వ వైద్యము ఉచితము. ఇక్కడికి వచ్చి స్థిరపడినవారికి ఆ హక్కు నిలువదు. ఆమె పుట్టుకచేత మనదైనను ఇప్పుడు బ్రిటిషు పౌరురాలు. విదేశీ భారతీయుల కార్డు ఉన్నందున ఎంతకాలమైనను ఇక్కడ ఉండవచ్చును. ఓటు లేదు. క్రొత్తగా పొలము కొనరాదు. తండ్రినుండి వారసత్వముగా వచ్చినది ఉంచుకొనవచ్చును.

ఎండ సంగతి కూడ నిజముగా చూడవలెను. డిసెంబరులో వచ్చి జనవరిలో పోవువారికి మన ఊరు కనాను దేశమువలె కనబడును. మంచు, ముగ్గులు, చెరువుగట్టు గాలి, క్రొత్త బియ్యము! వారు రోహిణి కార్తె చూడరు. 2015 మే మాసమున వడగాలికి మన ఆంధ్రప్రదేశ్‌లోనే వేయిమందికి పైగా చనిపోయిరి. వయస్సు మీరిన శరీరమునకు దాహము త్వరగా తెలియదు, చెమట సరిగా పట్టదు. మోకాళ్లకు మేలు చేసిన వెచ్చదనమే మే మాసమున గుండెమీద బరువు వేయును. నర్సు గనుక ఆమె ఇదంతయు నాకంటె బాగుగా ఎరుగును.

ఆమె చెప్పిన ఒక సంగతి నన్ను మరింత ఆలోచింపజేసినది. ఆమె వెళ్లు గుడిలోని ఇంగ్లీషు దంపతులు పనినుండి విరమించి, ఎండకొరకు స్పెయిను సముద్రతీరమునకు కాపురము పోయిరి. పది సంవత్సరములు సుఖముగానే ఉండిరి. భర్త మంచము పట్టినప్పుడు మాత్రము ఆ ఇల్లాలికి ఆసుపత్రిలో డాక్టరు మాట అర్థము కాలేదు, తన మాట వారికి అర్థము కాలేదు. భర్త పోయిన పిమ్మట తిరిగి వచ్చి, "వెలుగును చూచి వెళ్లాము గాని, భాషను తలంచలేదు" అని ఈమెతో చెప్పి ఏడ్చెనట. మన సహోదరికైతే ఈ చిక్కు తారుమారై యున్నది. జ్వరము వచ్చినప్పుడు తెలుగులోనే మూలుగుచుందును అని నవ్వుచు చెప్పెను. ఆమె మనుమలకు తెలుగు రాదు. వచ్చియుండిన యెడల ఈ ప్రశ్న సగము తేలికపడియుండును.

ఇప్పుడు మన సంగతికి వచ్చెదను. ఇది చెప్పుటకు నాకు సిగ్గుగా ఉన్నది, అయినను చెప్పవలెను. ఆమె ఊరిలో దిగిన మొదటి వారములోనే గుడి ప్రహరీగోడ కమిటీవారు ఆమెను చూడబోయిరి. యౌవనస్థులు కీబోర్డు కొరకు పోయిరి. బంగళా స్లాబు చందా రశీదు పుస్తకము పట్టుకొని నేనును పోతిని. ఆమె అందరికి ఇచ్చెను. జనవరి మూడవ వారమున ఆమెకు నాలుగు దినములు జ్వరము వచ్చెను. ఆ నాలుగు దినములు మనలో ఎవరును ఆ గుమ్మము ఎక్కలేదు. నేను పొరుగూరి కూటములలో ఉంటినని చెప్పుకొనవచ్చును గాని, ఆ ఊరు సైకిలుమీద అరగంట దూరమే. ఎదురింటి ముసలమ్మ, మన సంఘస్థురాలు కాదు, పూటపూటకు జావ కాచి ఇచ్చెను.

ఇంటికి రమ్మని పిలుచుట సులభము. బర్జిల్లయి తన ఊరికి తిరిగిపోయినప్పుడు అతని కొరకు ఎదురుచూచు ఇల్లు ఉండెను. యాకోబు ఐగుప్తు చేరినప్పుడు యోసేపు రథము సిద్ధపరచుకొని ఎదురువచ్చి, మెడమీదపడి చాలసేపు ఏడ్చెను. మనము రశీదు పుస్తకము తీసికొని ఎదురుపోతిమి. ఆమె ఎక్కడ ఉండవలెనో నేను చెప్పకమునుపు, ఆమెకు ఇక్కడ ఎవరున్నారో చూపింపవలసియుండెను.

సమాధుల విషయమై ఆమెకు ఒక మాట మాత్రము చెప్పగలిగితిని. మోషేను దేవుడే పాతిపెట్టెను. ఆ సమాధి ఎక్కడనో నేటివరకు ఏ మనుష్యునికి తెలియదు. అయినను రూపాంతరపు కొండమీద అతడు ప్రభువుతో మాటలాడుచు కనబడెను. కాబట్టి అమ్మా, పండుకొనబోవు చోటునుబట్టి బ్రదుకబోవు చోటును ఏర్పరచుకొనవద్దు, ఆ పని ప్రభువుకు విడువుడి అని చెప్పితిని. అంతేగాక, అక్కడి ఇంటిని ఇప్పుడే అమ్మవద్దనియు, ఒక ఎండకాలము పూర్తిగా ఇక్కడ గడిపి చూడవలసినదనియు, కుమార్తెతో ఫోనులో కాక ఎదురుగా కూర్చుండి మాటలాడవలసినదనియు చెప్పితిని. తల్లి తనకు భారము కాగూడదని తలంచుచున్నది. కుమార్తె తల్లి తనను విడిచిపోవుచున్నదని తలంచుచున్నది. ఇద్దరును ఒకరికొరకు ఒకరు మౌనముగా ఉన్నారు. బర్జిల్లయి రాజు ముఖము చూచి మాటలాడెను, రాజు అతనిని ముద్దుపెట్టుకొని పంపెను.

ఆమె మార్చి చివరలో ఓడరేవు కాదు, విమానము ఎక్కవలసియుండెను (నా తండ్రిగారి కాలపు మాట నోటికి వచ్చినది). టిక్కెట్టు మార్చుకొని జూను రెండవ వారము వరకు ఉండెదనని మొన్న ఆదివారము చెప్పినది. మే మాసమున సెలవు పెట్టుకొని కుమార్తె పిల్లలతో వచ్చునట. ఆ పిల్లలకు సాయంత్రము ఒక గంట తెలుగు అక్షరములు నేర్పుటకు మన బడి పంతులమ్మగారు ఒప్పుకొన్నారు.

ఆమె ఉన్న గది రేకుల కప్పు. ఆ కప్పు క్రింద మే మాసము గడువదు. రేకులమీద తాటాకు పరచి, ముందర పందిరి వేయవలెను. ఆకులు కొట్టి మోయగల యౌవనస్థులు వచ్చు శనివారము ఉదయము ఆరు గంటలకు చెరువుగట్టు యొద్దకు రావలెను. కత్తులు నేను తెచ్చెదను. జావ కాచిన ముసలమ్మగారి ఇంటికిని రెండు బండ్ల ఆకు కావలెనట.