బాధితుడు లేని నేరం

జైలు రిజిస్టరులో పూర్వికుని పేరు వెతికే వారసుణ్ణి ముందుగా పట్టి పీడించేది ఒక భయం. ఆయన ఎవరికి ఏ హాని చేశాడో! స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో బతికిన ఎరుకల కుటుంబాలవారికి ఈ వెతుకులాటలో వేరొక చిక్కు ఎదురవుతుంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 1924 చట్టమూ నమోదైన వ్యక్తి హాజరు ఇవ్వకపోవడాన్నీ, పాసు లేకుండా హద్దు దాటడాన్నీ శిక్షార్హం చేశాయి. అనుమతి లేకుండా పొరుగూరి పెళ్లికి వెళ్లినా, కూలికి వెళ్లినా నేరమే. దొంగతనమైతే సొమ్ము పోగొట్టుకున్నవాడు ఒకడుంటాడు. ఇక్కడ బాధితుడే కనిపించడు.

అయితే పూర్వికుడు నిర్దోషి అని తేలిందని వారసుడు ఊరట పొందవచ్చునా? అందులో కొంత తొందరపాటు ఉంది. అదే వంశంలో నిజంగా దొంగిలించినవాడూ ఉండి ఉండవచ్చు. (ఆ ఊరి పేరును దొంగతనానికి పర్యాయపదం చేసిన సినిమాల సంగతి అలా ఉంచుదాం.) మంచివాడని రుజువైతేనే తాతను తనవాడనుకుంటానంటే, సత్ప్రవర్తనకు సాక్ష్యమేదని ఆనాటి అధికారి అడిగిన ప్రశ్ననే మనుమడూ అడిగినట్లవుతుంది. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ ప్రశ్న రద్దు కాలేదు.

కనుక నేరం పేరు రాసిన గడి కంటే, పట్టుబడిన చోటు రాసిన గడి దగ్గర ఎక్కువసేపు ఆగడం న్యాయం. ఆయన ఎవరిని చూడడానికి బయలుదేరాడో ఆ ఊరి పేరు చెప్పవచ్చు.