దినములను ఆచరించుట, దినములను జ్ఞాపకము చేసికొనుట

పెండ్లికి పంచాంగము చూపించుట ఏనాడో మానివేసిన క్రైస్తవ కుటుంబములలో సయితము, "ఆ తేదీ మనకు అచ్చిరాదు" అను మాట అప్పుడప్పుడు వినబడుచుండును. తండ్రి మరణించిన తేదీననే కుమారునికి ప్రమాదము సంభవించినచో, ఆ తేదీలో ఏదో కీడు పొంచియున్నదని మనస్సు శంకించును. ఒకే తేదీన రెండు మేళ్లు కలిగినచో అది ఆశీర్వాద దినమని మురిసిపోవును. దినమునకు స్వభావము కలదా? ఒక తేదీ మేలునైనను కీడునైనను తనయందు దాచుకొనగలదా? ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దీని వెనుక దేవుని పరిపాలనను గూర్చియు, మానవుని బాధ్యతను గూర్చియు పెద్ద ప్రశ్నలే నిలిచియున్నవి.

దీనిని పరీక్షించుటకు జర్మనీ దేశ చరిత్రలోని నవంబరు 9వ తేదీ మిక్కిలి తగినది. 1918లో ఆ దినమున, మొదటి ప్రపంచ యుద్ధములో ఓటమి ఎదుట నిలువగా, కైజరు రెండవ విల్‌హెల్ము సింహాసనమును విడిచినట్లు బెర్లినులో ప్రకటింపబడెను. అదే మధ్యాహ్నము పార్లమెంటు భవనపు కిటికీనుండి షైడమాన్ గణతంత్రమును ప్రకటించెను. 1923లో అదే తేదీన హిట్లరు తన అనుచరులతో మ్యూనిక్ వీధులలో నడచి ప్రభుత్వమును కూలద్రోయజూచెను. కాల్పులలో 20 మంది వరకు మరణించిరి, తిరుగుబాటు విఫలమాయెను. 1938లో ఆ రాత్రియు మరునాడును జర్మనీ అంతట యూదుల సమాజమందిరములు తగులబెట్టబడెను. 1989లో అదే తేదీ రాత్రి బెర్లిను గోడ ద్వారములు తెరువబడెను.

ఒక రాజ్యాంతము, ఒక తిరుగుబాటు, ఒక ఘోరము, ఒక విడుదల. ఇవన్నియు ఒకే తేదీన జరుగుట చూచి, "ఇది విధి" అని ఒకడు, "ఇది దేవుని గుప్తలిపి" అని మరియొకడు చెప్పవచ్చును. అయితే నింపాదిగా పరిశీలించువానికి వేరొక సంగతి కనబడును.

మొదటి మూడు సంఘటనలు కేవలము కాకతాళీయముగా కలిసినవి కావు. 1918నాటి మార్పును హిట్లరు పక్షమువారు దేశద్రోహముగా ఎంచి, దానికి కారకులైనవారిని "నవంబరు నేరస్థులు" అని దూషించిరి. ఐదేండ్లు నిండుచున్న సమయమున లేచిన తిరుగుబాటు ఆ ద్వేషమునుండి పుట్టినదే. అధికారము చేజిక్కిన తరువాత వారు ప్రతి సంవత్సరము నవంబరు 9న మ్యూనిక్‌లో కూడి, 1923లో చచ్చిన తమవారిని హతసాక్షులవలె కీర్తించుచుండిరి. 1938లో అట్టి స్మారక కూటమునకే పక్ష నాయకులందరు చేరియుండగా, పారిస్‌లో ఒక యూదు యువకుని చేత కాల్చబడిన జర్మను ఉద్యోగి మరణించెనను వార్త వచ్చెను. గోబెల్స్ లేచి ప్రసంగించెను. నాయకులు అక్కడనుండియే తమ తమ పట్టణములకు టెలిఫోనులో ఆజ్ఞలు పంపిరి. 1,400కు పైగా సమాజమందిరములు, ప్రార్థనా గృహములు నాశనమాయెను. దాదాపు 30,000 మంది యూదు పురుషులు దాహౌ, బూకెన్‌వాల్డ్, సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరములకు కొనిపోబడిరి. అగ్నిమాపక దళములు ప్రక్క ఇండ్లకు నిప్పంటకుండ మాత్రము కాపాడుచు నిలువబడెను. ఆపైన, జరిగిన నష్టమునకు యూదులే 100 కోట్ల మార్కులు జరిమానా చెల్లింపవలెనని ప్రభుత్వము విధించెను.

కాబట్టి ఆ తేదీలో కీడు దాగియుండలేదు. కీడును ఏటేట పోషించి, స్మారకదినమను పేరిట దానికి నీరు పోసినవారు మనుష్యులే. దినము ఖాళీ పాత్ర వంటిది. దానిలో పోయబడినదే మరుసటి తరము త్రాగును.

ఈ స్థలమున ప్రొటెస్టెంటు సంఘము తలవంచవలసిన సంగతి యొకటి కలదు. నవంబరు 10 మార్టిన్ లూథరు జన్మదినము. ఆయన 1543లో వ్రాసిన ఒక గ్రంథములో యూదుల సమాజమందిరములను కాల్చివేయుడని సలహా ఇచ్చియుండెను. 1938లో తురింగియా ప్రాంతపు బిషప్పు మార్టిన్ సాసె ఆ వ్రాతలను చిన్న పుస్తకముగా కూర్చి ప్రచురించుచు, లూథరు జన్మదినముననే సమాజమందిరములు కాలుచున్నవని సంతోషముతో పేర్కొనెను. తేదీల కలయికలో దేవుని హస్తమును చూచుట ఎంత సులభమో, ఎంత అపాయకరమో దీనివలన తెలియుచున్నది. ఆయన నోట దైవసంకల్పమను మాట పొరుగువాని ఇంటికి నిప్పంటించిన చేతులను దీవించెను. తక్కిన సంఘాధ్యక్షులలో అధికులు మౌనము వహించిరి.

మౌనము వహింపనివారును కలరు. వూర్టెంబెర్గు ప్రాంతములోని ఓబర్‌లెన్నింగెన్ గ్రామ పాదిరి యూలియుస్ ఫాన్ యాన్, నవంబరు 16న, పశ్చాత్తాప దినమున, యిర్మియా గ్రంథము 22వ అధ్యాయమునుండి ప్రసంగించుచు, జరిగినది పాపమని పేరుపెట్టి చెప్పెను. తొమ్మిది దినములకు ఒక గుంపు ఆయనను పట్టి కొట్టెను. ఆయన చెరసాల పాలాయెను. వేదపండితుడైన డీట్రిక్ బాన్‌హోఫర్ తన బైబిలులో 74వ కీర్తన 8వ వచనము ప్రక్కన ఆ రాత్రి తేదీని మాత్రము వ్రాసికొనెను. దేశములోని దేవుని మందిరములన్నియు శత్రువులచే కాల్చబడెనని విలపించు వచనమది. ఆ కీర్తనలోని శత్రువులు అన్యులు. 1938నాటి శత్రువులలో అనేకులు బాప్తిస్మము పొందినవారు. దేవుని మందిరములు అని ఆ మార్జినులో ఒప్పుకొనబడినవి యూదుల మందిరములు.

ఒకే రాత్రికి రెండు స్మరణలు. సాసె ఆ తేదీని తన జనుల గర్వముతో జతచేసెను. బాన్‌హోఫర్ దానిని దేవుని వాక్యము ప్రక్కన ఉంచి, వాక్యము తీర్పు తీర్చుటకు విడిచెను. దినమును ఆచరించుటకును, దినమును జ్ఞాపకము చేసికొనుటకును గల భేదము ఇదియే. గలతీయులు దినములను, నెలలను ఆచరించుచున్నారని వినినప్పుడు పౌలు భయపడెను. అయినను ఐగుప్తునుండి బయలుదేరిన రాత్రిని తరతరములకు జ్ఞాపకముంచుకొనవలెనని దేవుడే ఇశ్రాయేలుకు ఆజ్ఞాపించెను. ఈ రెండింటికి వైరుధ్యము లేదు. దినమునకు శక్తి కలదని దానికి భయపడుట దాస్యము. దినమున దేవుడు చేసినదానిని, తాము చేసినదానిని మరువకుండుట విధేయత.

ఇక 1989నాటి మాట. లైప్‌జిగ్ నగరములోని సెయింట్ నికొలస్ దేవాలయములో 1982నుండి సోమవారపు శాంతి ప్రార్థనలు జరుగుచుండెను. 1989 అక్టోబరు 9న అక్కడ దాదాపు 70,000 మంది హింస లేకుండ వీధులలో నడచిరి. నెల గడచిన పిమ్మట, నవంబరు 9 సాయంకాలము, ప్రభుత్వ పక్షమున మాటలాడుచున్న షబోవ్‌స్కీని ప్రయాణపు క్రొత్త నియమములు ఎప్పటినుండి అమలగునని విలేఖరులు అడిగిరి. మరునాడు వెలువడవలసినదానిని ఆయన, తనకు తెలిసినంతవరకు తక్షణమే అని చెప్పెను. ఆ మాట విని జనులు గోడ యొద్దకు వచ్చిరి, రాత్రి 11.30 గంటల ప్రాంతమున బోర్న్‌హోల్మర్ వీధి ద్వారము తెరువబడెను. 1961 ఆగస్టు 13నుండి విడదీయబడిన కుటుంబములు కౌగలించుకొనెను. ఈ తేదీని ఎవరును ఎన్నుకొనలేదు.

అట్లయిన దేవుడు ఆ దినముమీది నిందను తుడిచివేసెనని చెప్పవచ్చునా? చెప్పుటకు నాలుక తొందరపడును గాని, నీతి అడ్డుపడును. గోడ యొద్ద పాడినవారి సంతోషము నిజమైనది, దానికై స్తుతించుట తగును. అయితే ఆ సంతోషము 1938లో చంపబడినవానిని ఒక్కనినైనను తన భార్యకు తిరిగి అప్పగింపలేదు. దేవుని లెక్కల పుస్తకములో ఒకని కన్నీరు వేరొకని నవ్వుతో కొట్టివేయబడదు. దేశము ఏకమైన 1990లో నవంబరు 9ని జాతీయ దినముగా ఎన్నుకొనక, అక్టోబరు 3ను నిలుపుటకు 1938నాటి జ్ఞాపకము ఒక ముఖ్య కారణమాయెను. పొరుగువాని చితాభస్మము ఉన్న చోట పండుగ పందిరి వేయరాదను వివేకము అందులో కలదు.

అయితే దుఃఖదినము ఎన్నటికిని దుఃఖదినముగానే ఉండవలెనా? రెండు దేవాలయములును ఒకే తేదీన, ఆబ్ మాసము తొమ్మిదవ దినమున, నాశనమాయెనని యూదుల సంప్రదాయము. ఆ దినమున వారు నేటికిని ఉపవాసముందురు. చెరనుండి తిరిగివచ్చినవారు ఐదవ మాసపు ఉపవాసము ఇకను చేయవలెనా అని అడిగినప్పుడు, జెకర్యా ద్వారా దేవుడు తిథిని గూర్చి ప్రత్యుత్తరమియ్యలేదు. ఆ ఉపవాసము నిజముగా తనకొరకేనా అని అడిగెను. విధవరాలిని, తండ్రిలేనివానిని, పరదేశిని బాధింపవద్దని జ్ఞాపకము చేసెను. ఆ పిమ్మటనే ఆ ఉపవాసములు సంతోషకరమైన పండుగలగునని వాగ్దానమిచ్చి, సత్యమును సమాధానమును ప్రేమింపుడని దానితో చేర్చి పలికెను. సత్యము చెప్పబడని చోట దుఃఖదినము పండుగ కానేరదు. 1945 అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో జర్మను సంఘ నాయకులు తమ అపరాధమును ఒప్పుకొనిరి గాని, ఆ ఒప్పుకోలులో యూదుల పేరే లేదు. ఆ పేరు పెట్టి ఒప్పుకొనుటకు 1950నాటి వైసెన్‌సే మహాసభ వరకు పట్టెను.

క్రైస్తవుని ఇంటి గోడమీద వాక్యములతో కూడిన క్యాలెండరు వ్రేలాడుచుండును. సంఘములు తమ దేవాలయ ప్రతిష్ఠ దినమును, మొదటి మిషనరీ వచ్చిన దినమును, జూబిలీలను జరుపుకొనుచుండును, అది తగినదే. అయితే కులమును బట్టి ఒక సహోదరుడు వెనుక వరుసకు పంపబడిన ఆదివారము, బీదరాలికి సమాధి స్థలము నిరాకరింపబడిన సాయంకాలము ఏ క్యాలెండరులోను ఎఱ్ఱ అక్షరములతో అచ్చుపడవు. అవమానింపబడినవాడు మాత్రము ఆ తేదీని మరువడు. సంఘము తన ఆనంద దినమున కూడుకొన్నప్పుడు, అదే తేదీన తనవలన ఏడ్చినవాడెవడో విచారించుట మంచిది. వాడింకను బ్రదికియున్నచో, విందుకు కూర్చుండకమునుపు వాని యింటికి వెళ్లుట మరియు మంచిది.