ఆవుకు లక్షణం, చీరకు శీర్షిక

ఆవంటే ఏమిటి? కొమ్ములున్నది అంటే గేదె, మేక వచ్చి పక్కన నిలబడతాయి. కపిల వర్ణం గలది అంటే తెల్లావు, నల్లావు బయటికి పోతాయి. ఒంటి గిట్ట గలది అంటే ఒక్క ఆవూ మిగలదు. తర్కం చదువుకొనే కుర్రాళ్లకు తరతరాలుగా చెబుతున్న పాఠం ఇది. మొదటి తప్పు అతివ్యాప్తి, రెండోది అవ్యాప్తి, మూడోది అసంభవం. పదిహేడో శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ రాసి, దానికి తానే ‘దీపిక’ అనే వ్యాఖ్యా రాసి, ఈ మెలికలను కొత్తవాళ్లకూ అందేలా చేశాడు.

ఆవు స్థానంలో పోచంపల్లి చీరను పెట్టి చూస్తే, దాన్ని గూగుల్ షాపింగ్‌లో అమ్మజూపే వ్యాపారి చిక్కు తెలుస్తుంది. పెళ్లి చీర, పార్టీ చీర, పట్టు చీర, లేటెస్ట్ డిజైన్ అంటూ శీర్షిక నిండా కూరితే అతివ్యాప్తి. అయిదు రంగుల్లో ఉన్న రకానికి ‘నీలం చీర’ అని ఒకే పేరు పెడితే మిగతా నాలుగూ జారిపోతాయి, అది అవ్యాప్తి. పాలిస్టర్‌కు ప్యూర్ సిల్క్ అని తగిలిస్తే అసంభవం. మాటల చిక్కు మరొకటుంది. నూలుకు ముడులు వేసి రంగులద్దే పనిని మగ్గం దగ్గర చిటికి అంటారు. బెంగళూరులోనో డాలస్‌లోనో కూర్చుని వెతికే ఆవిడ కొట్టేది ‘ఇక్కత్’ అని. పుట్టిన చోటి మాట ఒకటి, లోకంలో రూఢి అయిన మాట మరొకటి.

వెబ్ పేజీని పైకి తెచ్చే పాత విద్య, అంటే ఎస్‌ఈఓ, వేరే ప్రమాణం మీద నిలబడింది. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ వివరించిన పేజ్‌ర్యాంక్ పద్ధతి, ఏ పేజీకి ఎవరెవరు లింకు పెట్టారో చూసి దాని విలువ కట్టింది. పెళ్లి సంబంధానికి వెళ్లినవాళ్లు పిల్లవాడి గొప్పలు వాడి నోట వినకుండా చుట్టుపక్కల వాకబు చేసినట్టు. పేజీ లోపల దాచిపెట్టే కీవర్డ్స్ ట్యాగ్‌ను వెబ్ ర్యాంకింగ్‌కు లెక్కలోకి తీసుకోబోమని 2009లో గూగుల్ బాహాటంగానే చెప్పింది. ఇలా ఇతరులు పెట్టిన లింకును నమ్మడం న్యాయశాస్త్రజ్ఞులైన నైయాయికుల లెక్కలో శబ్ద ప్రమాణం: నమ్మదగినవారి మాటను బట్టి తెలుసుకోవడం.

2002 డిసెంబరులో ఫ్రూగుల్ పేరుతో మొదలై ఇప్పుడు గూగుల్ షాపింగ్‌గా ఉన్న సరుకుల వెతుకులాటలో ఈ వరస తిరగబడింది. ఇక్కడ సాధారణంగా అమ్మేవాడే ఒక పట్టిక నింపి పంపుతాడు. లోకంలోని పదార్థాలకు ద్రవ్యం, గుణం అంటూ వైశేషికులు గీసుకొన్న గళ్లలాగే ఇక్కడా శీర్షిక, రంగు, మెటీరియల్, ధర, స్టాకు. శీర్షిక 150 అక్షరాలు దాటకూడదు. అందులో ‘ఫ్రీ డెలివరీ’, ‘సేల్’ లాంటి ఊరింపులు కుదరవు. వేదవాక్యాల్లో విధిని వేరుగా, పొగడ్తను అర్థవాదంగా వేరుగా తీసిన మీమాంసకులకు ఈ నిబంధన నచ్చి ఉండేది. చిటికి కథ, నేతన్న ఓపిక, ఊరి చరిత్ర అన్నీ పేజీలో రాసుకోవచ్చు. శీర్షికలో మాత్రం వస్తువే ఉండాలి.

అయితే అమ్మేవాడు ఆప్తుడవుతాడా? ఆప్తుడంటే ఉన్నదున్నట్టు చెప్పేవాడని శాస్త్రం. గూగుల్‌కూ ఆ అనుమానం ఉంది. పట్టికలోని ధర, స్టాకు అమ్మకం పేజీలో కనిపించేవాటితో సరిపోతున్నాయో లేదో చూస్తుంది, తేడా వస్తే సరుకును పక్కన పెడుతుంది. ధరను అలా పట్టుకోవచ్చు. పట్టో పాలిస్టరో తేల్చాలంటే వేళ్లు కావాలి.

ఇంకో గడి బార్‌కోడ్ నంబరుది. 1974 జూన్ 26న అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో, ఓ చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద మొదటిసారి స్కానర్ కూత పెట్టింది. ఒకే రకం ప్యాకెట్లు లక్ష ఉన్నా నంబరు ఒకటే. ఆవు అనే మాటకు అర్థం ఎదురుగా ఉన్న ఆవా, ఆవులన్నిటిలో ఉండే జాతా అన్న పాత వాదంలో మీమాంసకులు జాతి పక్షం. బార్‌కోడూ వాళ్ల పక్షమే. న్యాయసూత్రాలు వ్యక్తినీ, ఆకృతినీ, జాతినీ మూడింటినీ ఒప్పుకొన్నాయి. ఒక్కటే నేసిన చేనేత చీరకు సాధారణంగా ఆ నంబరే ఉండదు. అలాంటి సరుకుకు నంబరు లేదని చెప్పడానికి పట్టికలో విడిగా ఒక గడి ఉంది.

లేకపోవడాన్ని కూడా పదార్థంగా లెక్కపెట్టిన ఆ తార్కికులకు స్టాకు గడి చూస్తే నవ్వొస్తుంది. ఇంకా తయారుకాని సరుకు ‘ప్రీ ఆర్డర్’, అంటే ప్రాగభావం, పుట్టకముందు లేకపోవడం. ఉన్న ఒక్క చీరా అమ్ముడైపోతే ‘అవుట్ ఆఫ్ స్టాక్’. చీర ధ్వంసమైందని కాదు, ఆ కొట్లో లేదంతే.

అది అప్పటికి ఎవరి ఇంట్లోనో అట్టపెట్టెలోంచి బయటికొస్తుంది. కొన్నావిడ కొంగు పట్టుకొని తిరగేస్తుంది. ముందే రంగులద్దిన నూలుతో నేసినదైతే పువ్వు అంచు కాస్త చెదిరినట్టుండి, రెండు వైపులా ఇంచుమించు ఒకే రంగు పలుకుతుంది. అచ్చు వేసిన గుడ్డయితే వెనక వైపు వెలవెలబోతుంది.