కాయకమునకు ఊతమైన దాసోహము



బసవేశ్వరుడు లోకమునకు ఒసగిన ఉపదేశమును రెండు మాటలలో చెప్పుమన్నచో, కాయకము, దాసోహము అని పెద్దలు చెప్పుదురు. ఈ మాటలు మనకు క్రొత్తవి కావు. బసవజయంతినాడు ప్రతి వేదికమీదను వినుచున్నాము, పిల్లలచేత వల్లెవేయించుచున్నాము. అయితే ఈ రెండింటిని విడివిడిగా గ్రహించుట మనకు అలవాటైనది. కాయకమనగా ఎవరి పని వారు చేసికొనుట యనియు, దాసోహమనగా పర్వదినమున పదిమందికి అన్నము పెట్టుట యనియు సరిపెట్టుకొనుచున్నాము. కాయకమువలన దాసోహము పుట్టునని అందరును ఎరుగుదురు. దాసోహమువలన మరల కాయకము పుట్టవలెనను సంగతియే మరుగున పడినది. ఈనాడు నేను మనవి చేయదలచినది దానిని గూర్చియే.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణపట్టణములో బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులెవరో ఒక్కసారి స్మరింతము. మడివాళు మాచయ్య బట్టలు ఉతికినవాడు. మేదర కేతయ్య వెదురుబుట్టలు అల్లినవాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు. హరళయ్య చెప్పులు కుట్టినవాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనినవాడు. వీరు తమ వృత్తులను విడిచి శరణులైనవారు కారు, వృత్తియందుండియే శరణులైరి. అనుభవమండపమున కూర్చుండి పరమార్థమును చర్చించినవారి చేతులకు కాయలు కాచియుండెను.

చందయ్యను గూర్చిన కథ మీరెరిగినదే. త్రాళ్ళకై చెరువులో గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారి నీటిలో పడెను. ఆయన దాని కొరకు ఆగక గడ్డిమోపు నెత్తికెత్తుకొని సాగిపోయెను. లింగదేవుడే వెంటబడి తన్ను స్వీకరింపుమని వేడుకొనగా, మాచయ్య మధ్యవర్తియై తీర్పు చెప్పెను. శివుడు చందయ్య పేనిన త్రాళ్ళను సంతకు గొనిపోయి అమ్మి వచ్చుటకు ఒప్పుకొనిన పిమ్మటనే చందయ్య ఆయనను మరల చేపట్టెను. లింగమునకైనను కాయకము తప్పదనుట ఈ కథలోని సారము. అట్లయినచో, పనిచేయుటకు సిద్ధముగానున్న చేతులు పనిముట్టు లేకయో, సరుకు లేకయో ఊరకుండవలసి వచ్చినపుడు ఆ లోపమెవరిది? ఆ చేతులది కాదు. చూచుచు ఊరకుండిన సమాజముది.

మన ధర్మపురినే చూడుడు. గోదావరి దక్షిణముగా ప్రవహించు ఈ క్షేత్రమున నరసింహస్వామియు రామలింగేశ్వరుడును ప్రక్కప్రక్కన కొలువైయున్నారు. ఫాల్గుణమాసమున బ్రహ్మోత్సవములు, పండ్రెండేండ్లకొకసారి పుష్కరములు జరుగును. 2003లోను 2015లోను జరిగిన పుష్కరములకు జనము ఎట్లు వచ్చిరో చూచినవారికి తెలియును. ఈ యాత్రికులను నమ్ముకొని కొబ్బరికాయలు, పూలు, కుంకుమ, గాజులు, బొమ్మలు అమ్మువారు, చిన్న హోటలు నడుపువారు, కుట్టుమిషనుతో బ్రతుకువారు ఎందరో కలరు. జాతర వచ్చుటకు ముందే సరుకు తేవలెను. సరుకు తెచ్చుటకు ముందే డబ్బు కావలెను. ఆ పదివేలో ఇరువదివేలో ఎవరిచ్చుచున్నారు?

దినవసూలు ఫైనాన్సువారు ఇచ్చుచున్నారు. వారి లెక్కను బడిపిల్లవానివలె ఒక్కసారి వేసి చూతము. పదివేలని వ్రాయించుకొని, వేయి రూపాయలు ముందే పట్టుకొని, తొమ్మిదివేలు చేతికిత్తురు. దినమునకు నూరు చొప్పున నూరు దినములు వసూలు చేయుదురు. వేయికి వేయియే కదా యని అప్పుపడినవాడు అనుకొనును. కాని అసలు దినదినము తీరుచునే యుండుటచేత, ఆ నూరు దినములలో అతని వద్ద సగటున నిలిచిన సొమ్ము నాలుగున్నర వేలే. దానిపై నూరు దినములకు వేయి రూపాయలు వడ్డీయైనచో, ఏడాదికి నూటికి ఎనుబది రూపాయలు దాటును. ఏ దుకాణము ఇంత లాభము తెచ్చును? అతడు ప్రొద్దుటినుండి రాత్రివరకు చేసినది కాయకమే. దాని ఫలము మాత్రము ఇంటికి రాలేదు, దాసోహమునకును రాలేదు. 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళను అదుపు చేయుటకు ఆర్డినెన్సు తేవలసి వచ్చినదనిన, అప్పుల బాధ ఎంతవరకు పోయినదో ఊహింపవచ్చును.

బ్యాంకులు లేవా, ప్రభుత్వ పథకములు లేవా యని అడుగవచ్చును. 2015 ఏప్రిలులో ముద్రా యోజన ఆరంభమైనది. అందు మొదటి మెట్టు ఏబదివేల రూపాయల వరకు ఇచ్చు రుణము. 2023 సెప్టెంబరు 17న విశ్వకర్మ యోజన ఆరంభమైనది. అందు పదునెనిమిది వృత్తులవారికి నూటికి అయిదు వడ్డీపై మొదట లక్ష, అది తీర్చినవారికి పిదప రెండు లక్షల రూపాయలు ఇచ్చునట్లును, పనిముట్లకు పదునైదువేలు ఇచ్చునట్లును ఏర్పాటు చేసిరి. ఆ పదునెనిమిది వృత్తుల పట్టికలో చాకలి, బుట్టలల్లువాడు, చెప్పులు కుట్టువాడు, పడవలు చేయువాడు కలరు. మాచయ్య, కేతయ్య, హరళయ్య, చౌడయ్యల అడుగుజాడలు అందు కనబడుటలేదా? అయినను, ఈ పథకముల గడప త్రొక్కుటకు కాగితము కావలెను, లెక్కల పుస్తకము కావలెను, మాటలాడు ధైర్యము కావలెను. ఇవి లేనివారికే అప్పు అవసరము ఎక్కువ. కావున గడప ఇవతల నిలిచినవానిని చేయిపట్టి అవతలికి దాటించువారు ఉండవలెను. ఆ పని మన సంఘములది, మఠములది.

ఇది మన ప్రాంతమున జరుగరాని పని కాదు. నాటి కరీంనగరము జిల్లాలోని ముల్కనూరులో 1956లో ఏ.కె. విశ్వనాథరెడ్డిగారు సహకార గ్రామీణ పరపతి సంఘమును స్థాపించిరి. పదునాలుగు గ్రామములు, 373 మంది సభ్యులు, 2,300 రూపాయల వాటాధనము, ఇదియే దాని తొలి మూలధనము. అది అప్పు ఇచ్చుటతో ఆగలేదు. విత్తనము ఇచ్చెను, ఎరువు ఇచ్చెను, పండిన పంటను తానే కొని అమ్మిపెట్టెను, అప్పును పంటసొమ్ములోనుండి సరిచూచుకొనెను. రైతు చేతిలో డబ్బు పెట్టి, అది ఎట్లు తిరిగివచ్చునో పట్టించుకొనని సంఘములు ఎన్నో మూతపడినవి. ముల్కనూరు నిలిచినది. 2000లో అక్కడనే మహిళల పాలసహకార సంఘమును వెలసినది. దీనివలన మనము నేర్వదగినది, అప్పును పనితో ముడివేయవలెననుట.

విద్య విషయమున మనవారి చరిత్రయే మనకు దారి చూపును. 1883లో ధారవాడలో అరటాళ రుద్రగౌడ, గిలగంచి గురుసిద్ధప్ప మున్నగు పెద్దలు లింగాయతుల విద్యాభివృద్ధికై నిధిని నెలకొల్పిరి. 1906లో పరమపదించిన శిరసంగి లింగరాజ దేశాయిగారు తమ సంస్థానమును బిడ్డల చదువులకై మరణశాసనముతో అర్పించిరి. 1916లో బెళగావిలో ఏడుగురు యువకులు కే.ఎల్.ఇ. సంస్థను స్థాపించిరి. తుమకూరు సిద్ధగంగ మఠమున 2019లో లింగైక్యులైన శివకుమార మహాస్వాములు అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును దశాబ్దముల తరబడి జాతిభేదము లేక వేలాది పిల్లలకు నడిపించిరి. అన్నముతోపాటు అక్షరమును దాసోహములో చేర్చుట మనకు పరాయి మాట కాదని దీనివలన తెలియును.

బడిలో పాఠములు చెప్పినవాడనగుటచే ఒక మాట చెప్పగలను. పదవతరగతి ఉత్తీర్ణులైన పిల్లలు చదువు మానుట తరచుగా పెద్ద మొత్తములకొరకు కాదు. పాలిటెక్నిక్ చేరుటకు బస్సు పాసు, హాస్టలు బయానా, పుస్తకములు, ఇట్టి చిల్లర ఖర్చుల వద్దనే వారి కాలు ఆగును. ప్రభుత్వము ఇచ్చు బోధనరుసుము ఆలస్యమైనచో కళాశాలవారు తండ్రినే అడుగుదురు. తండ్రి దుకాణపు సరుకుసొమ్మును రుసుముగా కట్టును. పిదప సరుకుకై దినవసూలువాని వద్దకు పోవును. చూచితిరా, దుకాణమునకు అప్పు, బిడ్డకు విద్యార్థివేతనము వేరువేరు సంగతులు కావు. ఒకటి లేనిచో రెండవదియు కూలును.

ఇక చేయవలసినదేమి? ఏబది కుటుంబములు నెలకు రెండువందల చొప్పున కూడబెట్టినచో నెలకు పదివేలగును, ఏడాదికి లక్షా ఇరువదివేలగును. తిరిగివచ్చు సొమ్మును లెక్కింపకయే పండ్రెండుగురికి పదివేల చొప్పున ఇయ్యవచ్చును. వారు నెలకు వేయి చొప్పున తీర్చుకొనుచు వచ్చినచో, అదే రూపాయి రెండవయేట మరియొకరి చేతిలో పనిచేయును. వడ్డింపబడిన అన్నము ఒక్కసారియే ఆకలి తీర్చును. ఇట్లు తిరుగు రూపాయి ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలిగించునో లెక్కింపలేము. అన్నదానమును మానుడని నా మాట కాదు. పందిళ్ళకు, తోరణములకు, ఫ్లెక్సీలకు అగు ఖర్చులో కొంత ఈ నిధికి మరల్చుడని మాత్రము వేడుచున్నాను.

నిధిని చట్టబద్ధముగా నడుపవలెను. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద నమోదు చేయించి, సభ్యుల పొదుపునుండి సభ్యులకే అప్పిచ్చు పద్ధతి పెట్టుకొనుట మేలు. పుస్తకములకు, కాగితములకు అగు ఖర్చుకు మించి రుసుము వలదు. అప్పు అడుగువాని దుకాణమును ఇద్దరు సభ్యులు పోయి చూడవలెను. ఇరుగుపొరుగు ఇద్దరు పూచీ నిలువవలెను. విద్యార్థివేతనము తిరిగి తీర్చనక్కరలేదు. కాని చదువుకొని ఉద్యోగమో వ్యాపారమో చేసికొనిన పిల్లలు మరియొక బిడ్డను చదివింతుమని మాట ఇయ్యవలెను.

“మఠపు సొమ్మే కదా, తీర్చకున్న అడుగువారెవరు?” అను మాట ఇట్టి నిధులకు గొడ్డలిపెట్టు. ఇట్లనుకొనువారు ఆయదక్కి లక్కమ్మను తలచుకొనవలెను. ఆమె భర్త మారయ్య ముంగిటిలో రాలిన బియ్యము ఏరుకొని వచ్చి దాసోహము చేయు శరణుడు. ఒకనాడు వాడుకకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది మనకేల, తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపెను. పేదయిల్లాలు ఒడిబియ్యమునకే హద్దు గీచినది. అప్పు తీసికొనువాడు అవసరమునకు మించి అడుగరాదు, తీసికొనినది తీర్చకుండరాదు. అతడు ఎగవేసిన రూపాయి మఠముది కాదు, వరుసలో అతని వెనుక నిలిచిన పేదవానిది.

నిధిని చేతబట్టిన పెద్దలకు ఆదర్శము సాక్షాత్తు బసవేశ్వరుడే. ఆయన బిజ్జలుని భాండాగారమునకు అధికారి. రాజు ధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు చెప్పిరి. రాజు లెక్క అడిగెను. బసవన్న కోపింపలేదు, భక్తుడనని తప్పించుకొనలేదు. భాండాగారము తెరచి ఎదుట లెక్కింపించెను. ఒక్క మాడయు తగ్గలేదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము మనకు తెలుపుచున్నది. మహిమను ప్రక్కన పెట్టి చూచినను, లెక్క చెప్పుట భక్తికి అవమానము కాదని ఈ కథ బోధించును. నెలనెలా ఎవరికెంత ఇచ్చిరి, ఎంత తిరిగివచ్చెను అని మఠపు గోడమీద వ్రాసిపెట్టుడు. అధ్యక్షుని బంధువు అప్పు అడిగినచో అధ్యక్షుడు ఆ తీర్మానమున కూర్చుండరాదు.

చివరగా ఒక సంగతి. ఉత్తర తెలంగాణమున మనము సంఖ్యలో కొలదిమందిమి. కొలదిమంది యగుటచే ఒకరినొకరు ఆదుకొనుట సహజము, అవసరము కూడ. అయితే ఈ నిధి మనవారికి మాత్రమేనని గిరి గీచికొనినచో, బసవేశ్వరుని పేరు దానికి పెట్టుకొను అర్హత మనకుండదు. కల్యాణమండపము తలుపు వృత్తిని చూచి మూయలేదు. మన ప్రక్క దుకాణమున గాజులమ్ము ముస్లిము సోదరుడు, సంతలో బుట్టలమ్ము మేదర సోదరి, నది యొడ్డున వలలల్లు బెస్త సోదరుడు సభ్యులుగా చేరుదుమనినచో చేర్చుకొనవలెను. వారి చేతి సరుకును తగిన ధరకు కొనుటయు సహాయమే. మేదర కేతయ్యకు జేజేలు పలికి, ఆయన కులపు చెల్లెలి బుట్టకు అయిదు రూపాయలు తగ్గింపుమని బేరమాడుట ఏమి భక్తి?

శరణబంధువులారా! వచ్చు బసవజయంతినాడు ప్రతి మఠమునను ఒక క్రొత్త పుస్తకము తెరువుడు. మొదటి పుటలో నిధికి సొమ్ము ఇచ్చినవారి పేర్లు, రెండవ పుటలో అప్పు తీసికొనినవారి పేర్లు, మూడవ పుటలో చదువుకొను బిడ్డల పేర్లు వ్రాయుడు. కొన్నియేండ్లకు రెండవ పుటలోని పేర్లు మొదటి పుటలో కనబడవలెను. ఆనాడు మన దాసోహము మరల కాయకమై పండినదని నిశ్చయముగా చెప్పుకొనవచ్చును.