ట్యాంకు మార్చాం, మరి పైపులు?



ఒక బండి సంగతితో మొదలుపెడతాను. మా అధ్యయన బృందానికి ఒక పాత పెట్రోలు కారు ఉంది. పుస్తకాలు, మైకు సెట్టు వేసుకొని తిరుపతి నుంచి పాకాల, పుత్తూరు, చిత్తూరు వైపు పల్లెలకు అందులోనే పోతాం. పోయిన వానాకాలం నుంచి అది సతాయించడం మొదలుపెట్టింది. పది కిలోమీటర్లు బాగానే పోతుంది, తర్వాత జర్కులు కొట్టి ఆగిపోతుంది. పావుగంట నిలబెడితే స్టార్ట్ అవుతుంది, కొంతదూరం పోయి మళ్ళీ ఆగుతుంది. ఫిల్టర్ మార్చినాం. నెల తిరక్కుండా అదే కథ. మళ్ళీ మార్చినాం. అంతలో ట్యాంకు అడుగున చెమ్మ, పెట్రోలు వాసన. బట్టల సబ్బు రుద్ది తూటు మూసినాం. నాలుగు దినాలు నిలిచింది.

చివరికి తిరుపతిలోనే ఒక టింకరింగ్ షెడ్డుకు తీసుకుపోయాం. అక్కడి భాయ్ ట్యాంకులోని పెట్రోలు కొంచెం గాజు సీసాలోకి పట్టి, కదిలించకుండా పెట్టి చూడమన్నాడు. కాసేపటికి అడుగున ఎర్రటి పొడి పేరుకుంది.

"ఫిల్టర్‌ది తప్పు కాదు సార్. దాని పని అది చేస్తానే ఉండాది. తుప్పు ట్యాంకులో పెట్టుకోని ఫిల్టర్ ఎన్నిసార్లు మారుస్తారు?" అన్నాడు.

ఇనుప రేకు ట్యాంకు ఎట్లా తుప్పు పడుతుందో కూడా ఆయనే చెప్పినాడు. పెట్రోలు నిండి ఉన్నంతవరకు రేకుకు పెద్దగా ఏమీ కాదు. ఖాళీగా ఉన్న భాగంలో గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది. రాత్రి చల్లబడితే ఆ తేమ నీటి చుక్కలై లోపలే పడుతుంది. నీళ్ళు పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుగుకు చేరి అక్కడే కూర్చుంటాయి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, దానికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. సగం ఖాళీ ట్యాంకుతో ఊరికే నిలబెట్టిన బండిని తుప్పు తొందరగా పట్టుకుంటుంది.

అతుకు వేయొచ్చు కదా అన్నాను. రేకు పలచబడింది, ఒకచోట అతికితే పక్కన తూటు పడుతుంది అన్నాడు. పైగా పెట్రోలు తీసేసిన ట్యాంకు దగ్గరికి నిప్పు తేవడం మరీ ప్రమాదం. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి గాలితో కలిసి పేలుతుంది. కంపెనీ ట్యాంకు కొత్తది మాకు దొరకలేదు. పాత సామాన్ల అంగట్లో ఉన్నదీ అదే వయసుది, దాని కడుపులోనూ అదే తుప్పు. ఇక మిగిలింది ఒకటే దారి. మన బండి కొలతలకు స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో కొత్త ట్యాంకు కట్టించుకోవడం.

ఆ మాట వింటుంటే నాకు బాబాసాహెబ్ నడిచిన దారి గుర్తొచ్చింది. "మతం మారడం ఎందుకు, ఉన్నదాన్నే బాగుచేసుకోవచ్చు కదా" అని మనల్ని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బాగుచేసే అవకాశం ఆయన ఇవ్వలేదా? 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగారు. అవి మనుషులుగా మన హక్కు కోసం చేసిన పోరాటం. అదే సమయంలో ఆ మతానికి మారడానికి ఇచ్చిన అవకాశం కూడా. జవాబుగా దెబ్బలు పడ్డాయి, చెరువుకు శుద్ధి జరిగింది. 1930 మార్చి 2న నాసిక్‌లో కాలారామ్ గుడి సత్యాగ్రహం మొదలైంది. ఏండ్ల తరబడి సాగినా తలుపు తెరుచుకోలేదు. 1935 అక్టోబర్ 13న యేవలాలో ఆ మతంలో చావబోనని ప్రకటించారు. 1936లో లాహోర్ సభ కోసం రాసిన కుల నిర్మూలన ప్రసంగంలో అసలు జబ్బు ఎక్కడుందో చూపించారు. మనుషులు చెడ్డవాళ్ళు కావడం వల్ల కులం పాటించడం లేదు, పవిత్రమని నమ్మిన శాస్త్రం చెప్పింది కాబట్టి పాటిస్తున్నారని తేల్చారు. తుప్పు ఫిల్టర్‌లో లేదు, ట్యాంకులో ఉంది. ఆ సభ రద్దయింది, ప్రసంగాన్ని ఆయనే అచ్చు వేయించుకున్నారు.

ఆ తర్వాత ఎంతకాలం ఆగారో చూడండి. నాగపూర్ దీక్ష 1956 అక్టోబర్ 14. యేవలా ప్రకటనకు 21 ఏండ్ల తర్వాత. కోపంతో ఇల్లు విడిచేవాడు 21 ఏండ్లు ఆగడు. ఆయన కొలతలు తీసుకున్నారు.

మా భాయ్ కూడా ముందు రేకు కత్తిరించలేదు. అట్టముక్కలతో నమూనా చేసి, బండి కింద పెట్టి చూసినాడు. పాత బోల్టులు ఎక్కడున్నాయో అక్కడే కొత్త ట్యాంకూ కూర్చోవాలి. మలుపులో పెట్రోలు ఒకవైపుకే పోకుండా లోపల అడ్డు రేకులు ఉండాలి. గాలి ఆడే రంధ్రం ఉండాలి. అంతా అయ్యాక లోపల గాలి పట్టి, అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి బుడగలు వస్తున్నాయేమో చూసినాడు. సొంతంగా కట్టుకోవడం అంటే ఇష్టమొచ్చినట్టు కట్టుకోవడం కాదు. బండికి సరిపోవాలి, పరీక్షకు నిలబడాలి.

బాబాసాహెబ్ కూడా బౌద్ధాన్ని ఎక్కడో ఒకచోట నుంచి ఉన్నది ఉన్నట్టు దించి మనకు తగిలించలేదు. 1957లో, ఆయన పరినిర్వాణం తర్వాత అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' ముందుమాటలోనే నాలుగు ప్రశ్నలు వేశారు. సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడు, నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుడి అసలు బోధేనా, ఆత్మ లేదన్నాక కర్మ, పునర్జన్మ ఎట్లా కుదురుతాయి, భిక్షువు దేనికోసం. 22 ప్రతిజ్ఞలు మనకోసం ఆయన తయారు చేసినవే. కేసపుత్తలో కాలాములకు బుద్ధుడు చెప్పిందీ పరీక్షించి తీసుకోమనే కదా.

ఇంతవరకు సభల్లో నేను చాలాసార్లు చెప్పినదే. ఇక చెప్పనిది రాస్తాను.

కొత్త ట్యాంకు బిగించిన ఎనిమిదో దినం చిత్తూరు దారిలో బండి మళ్ళీ ఆగింది. భాయ్ ముందే చెప్పినాడు, "పెట్రోలు పైపులు కూడా మార్చండి సార్, ఏండ్ల తుప్పు వాటిలో ఉండాది" అని. డబ్బులు మిగలబెడదామని తర్వాత చూద్దాం అన్నది నేనే. రోడ్డు పక్క చింతచెట్టు కింద నిలబడి ఉన్నాం. అప్పుడే మా అక్క ఫోన్ చేసింది, కూతురికి సంబంధం వచ్చిందని. అబ్బాయికి ఉద్యోగం ఉంది, వాళ్ళదీ దీక్ష తీసుకున్న కుటుంబమే. నేను దీక్ష తీసుకున్నది 2006లో, నాగపూర్ దీక్షకు 50 ఏండ్లు నిండిన సంవత్సరం. అప్పటినుంచి కులం మీద ఎన్ని సభల్లో మాట్లాడి ఉంటానో. అక్కను నేను అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "వాళ్ళు మనోళ్ళా, అవతలోళ్ళా?"

మాది మాల ఇల్లు. బండి నడుపుతున్న తమ్ముడిది మాదిగ ఇల్లు. బానెట్ ఎత్తి నిలబడి అంతా విన్నాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ మాట మీరూ అడుగుతారా నా?" అన్నాడు. అంతే. గొంతులో కోపం కూడా లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

వర్గీకరణ మీద సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు ఇచ్చింది. వాటాల లెక్క మీద ఎవరి వాదన వాళ్ళకు ఉండొచ్చు, వాదించుకోవచ్చు. నేను అడిగింది మాత్రం వాటా గురించి కాదు. నిచ్చెనమెట్ల కులవ్యవస్థలో ప్రతివాడికీ కింద ఒకడిని చూపించి తృప్తిపరుస్తారని బాబాసాహెబ్ చెప్పింది నా నోటినుంచే బయటపడింది. సహపంక్తి భోజనాలు చాలవు, కులాంతర వివాహాలే అసలు మందు అని ఆయన రాసిన పుస్తకాలను డిక్కీలో పెట్టుకొనే ఆ మాట అడిగాను.

అయితే నా దీక్ష అబద్ధమా? ఆ రాత్రి నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. మిలింద రాజుకు నాగసేనుడు రథం చూపించి అడిగినది గుర్తొచ్చింది. ఇరుసు రథమా? చక్రాలు రథమా? ఏ ఒక్కటీ కాదు. అన్నీ కూడితే దానికి రథమని పేరు. మనిషి కూడా అంతే. మనుధర్మం చెప్పినట్టు నా లోపల మారని కులం ఒకటి కూర్చొని లేదు. అట్లాగే ఒకసారి దీక్ష తీసుకుంటే చాలు, ఇక చెడిపోని బౌద్ధుడూ కూర్చొని లేడు. ఉన్నవి మాటలు, అలవాట్లు, భయాలు, పనులు. కారణాలుంటే తుప్పు పడుతుంది, కారణాలు తీసేస్తే పోతుంది. పైపు పాతదైనంత మాత్రాన కొత్త ట్యాంకు అబద్ధం కాదు. కొత్త ట్యాంకు ఉందని పైపును వదిలేస్తే మాత్రం బండి నడవదు. ధమ్మపదంలో మాలిన్యం గురించిన 18వ అధ్యాయంలో తుప్పు పోలిక వస్తుంది. మనిషిని పాడుచేసేది తన పనిలోనే పుడుతుందని దాని సారం.

ఇంకో సంగతి. తుప్పు ఖాళీలో పుడుతుందని భాయ్ చెప్పినాడు కదా. ఏప్రిల్ 14న ఒక పూలదండ, అక్టోబర్ 14న ఒక సభ, మిగతా ఏడాదంతా ఖాళీ. ఆ ఖాళీలోకి ఊరి గాలి వస్తుంది, చుట్టాల మాటలు వస్తాయి, ముహూర్తాలు వస్తాయి, "మనోళ్ళా" అనే మాటా వస్తుంది. వారానికి ఒకసారైనా ఇంటిల్లిపాదీ కూర్చొని పంచశీల చెప్పుకొని, ఆ వారంలో ఎవరిని ఎక్కువ చూశాం, ఎవరిని తక్కువ చూశాం అని ఒకరినొకరు అడగాలి. మా ఇంట్లో మొదలుపెట్టాం. మొదటివారం నా వంతు చెప్పుకోవడం కష్టంగానే ఉండింది.

తెల్లారి అక్కకు ఫోన్ చేసినాను. "నిన్న అడిగిన మాట వెనక్కి తీసుకుంటా ఉండా. అబ్బాయి తాగుతాడా, ఆడపిల్లను గౌరవిస్తాడా, మన పిల్లకు ఇష్టమా, ఇవి చూడు" అన్నాను. అక్క కాసేపు ఆగి, "నేనూ అదే అడగాలనుకున్నా, నువ్వేమంటావో అని ఊరుకున్నా" అనింది. ఆ తమ్ముడికి కూడా క్షమించమని చెప్పినాను. "పైపులు ఎప్పుడు మారుద్దాం నా?" అని మాత్రం అడిగినాడు.

ఆ వారమే మార్చినాం. బండి ఇప్పుడు ఆగకుండా చిత్తూరు పోయి వస్తోంది. ట్యాంకు మాత్రం సగానికి తగ్గనివ్వడం లేదు.

నమో బుద్ధాయ. జై భీమ్.